వక్కాకు డబ్బాలో ఒక రాత్రి: శేషాచలం అడవికి ఇంటి సామాన్లతో జేబు కిట్

తిరుపతి దగ్గర శేషాచలం కొండల్లోని తలకోనలో ఒక నవంబరు సాయంత్రం. నా జేబులో అగ్గిపెట్టె ఉంది, కానీ తడిసి ముద్దయింది. ఫోన్‌లో ఛార్జింగ్ 4 శాతం, సిగ్నల్ లేదు. మా బావమరిది కుడి బూటు అడుగు సగం ఊడిపోయి, అడుగు వేసినప్పుడల్లా టపటపా కొట్టుకుంటోంది. మధ్యాహ్నం పోయేటప్పుడు పిక్కల దాకా ఉన్న వాగు, పైన ఎక్కడో కురిసిన వానకు నడుం దాకా వచ్చేసింది. గైడు ఎందుకులే అని ముందుకు పోయింది మేమే, కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. వాగు తగ్గేదాకా మూడు గంటలు ఒక బండ చాటున నలుగురం ఒకరికొకరు ఆనుకుని వణుకుతూ కూర్చున్నాం. అంతకుమించి ఏమీ కాలేదు. కాకపోతే ఆ మూడు గంటలూ మేం "ఉంటే బాగుండేది" అనుకున్నవన్నీ ఇంట్లో ఉన్నవే. పూజ గదిలో కర్పూరం, కుట్టు డబ్బాలో దబ్బనం, అటక మీద విరిగిన గొడుగు, గంగమ్మ జాతరలో పిల్లాడికి కొన్న పీక, అంటే విజిల్.

ఇంటికొచ్చిన వారంలో చేసుకున్నదే ఈ డబ్బా. ప్యాంటు జేబులో పడుతుంది, పావు కిలో కూడా తూగదు. కొత్తగా కొన్నది ఇరవై రూపాయల లైటర్ ఒక్కటే.

ఈ డబ్బా దేనికి, దేనికి కాదు

ఇది అడవిలో కాపురం పెట్టడానికి కాదు. దారి తప్పితేనో, కాలు బెణికితేనో, వాగు అడ్డం పడితేనో, తెల్లారేదాకా ఒక్కచోట క్షేమంగా కూర్చోవడానికి. ఒక్క రాత్రి. ఏ వస్తువైనా డబ్బాలో పెట్టే ముందు "ఈ ఒక్క రాత్రికి దీనితో పనుందా?" అని అడగండి. లేకపోతే బయట పెట్టేయండి.

విదేశీ వీడియోల్లో చూపించే కిట్లలో గాలాలు, ఉచ్చు వేసే తీగ, జానెడు కత్తి ఉంటాయి. అవి చూసి ఇక్కడ అలాగే చేసుకోకండి. మన కొండలు 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు, 2010 నుంచి శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు. పైగా ఇది ఎర్రచందనం అడవి. పొద్దుగూకాక కత్తితోనో, ఉచ్చు తీగతోనో అడవిలో దొరికితే మిమ్మల్ని వెతకడానికి వచ్చినవాళ్లే స్టేషన్‌కి తీసుకెళ్తారు. "సార్, సర్వైవల్ కిట్" అంటే ఎవరూ వినరు. అటవీ శాఖ అనుమతి ఉన్న దారుల్లోనే, అనుమతి ఉన్న వేళల్లోనే, వీలైతే స్థానిక గైడుతోనే వెళ్లాలన్నది ఈ డబ్బా కంటే ముందు మాట.

మొదటి పని: డబ్బా

మా తాత వక్కాకు డబ్బా స్టీలుది. నాలుగు అంగుళాల పొడవు, రెండున్నర వెడల్పు, అంగుళం లోతు. ఆయన పోయాక బీరువాలో మూలన పడి ఉండేది. మీ ఇంట్లో అలాంటిది లేకపోతే ప్రయాణాలకు వాడే సబ్బు పెట్టె, పాత వక్కపొడి రేకు డబ్బా, ఏదైనా పనికొస్తుంది. పిల్లల జామెట్రీ బాక్సు కూడా బాగుంటుంది కానీ ప్యాంటు జేబులో పట్టదు. కూర్చుంటే తొడకు గుచ్చుకుంటుంది. జేబులో పట్టనిది చివరికి బ్యాగులో చేరుతుంది, ఆ బ్యాగేమో కారులో ఉండిపోతుంది.

లోహపు డబ్బా అయితే ఇంకో లాభం ఉంది. అందులో నీళ్లు కాచుకోవచ్చు. నా డబ్బాలో ఒక టీ గ్లాసుకు కాస్త ఎక్కువే పడతాయి. అందుకని ఎంచుకునేటప్పుడే డబ్బాలో నీళ్లు పోసి, పేపరు మీద పది నిమిషాలు పెట్టి చూడండి. పేపరు తడిస్తే అతుకు దగ్గర కారుతున్నట్టే. అది సామాన్లకు పనికొస్తుంది, కాచడానికి పనికిరాదు. రంగు వేసిన రేకు డబ్బాలో నీళ్లు కాచి తాగొద్దు.

మూత బిగుతుగా ఉండడానికి పాత సైకిల్ ట్యూబును అంగుళం వెడల్పున అడ్డంగా కోసి, ఆ రింగును డబ్బా నడుముకు తొడగండి. రబ్బరు బ్యాండులా ఎండకు విరిగిపోదు. ఇంకో ఉపయోగం ఏమిటంటే, ఆ ట్యూబు ముక్క తడిసినా అంటుకుంటుంది. వాసన భరించలేం, నల్లటి పొగ వస్తుంది, అయినా తడి పుల్లలు రాజుకునేదాకా మండుతుంది. నేను రెండు రింగులు తొడిగాను. ఒకటి పట్టు కోసం, ఒకటి పొయ్యి కోసం.

రెండో పని: నిప్పు

నిప్పు విషయంలో తిరుపతి వాళ్లకు వేరే ఊళ్ల వాళ్లు నేర్పేదేమీ లేదు. ప్రతి ఇంట్లో కర్పూరం ఉంటుంది. దూది వత్తులుంటాయి. అడవిలో నిప్పు రాజెయ్యడానికి వీటిని మించినవి నేను చూడలేదు. కర్పూరం బిళ్లను నీళ్ల మీద తేలేసి వెలిగించినా మండుతుంది. చిక్కల్లా ఒక్కటే, అది గాలికి ఆవిరైపోతుంది. కాగితంలో పొట్లం కట్టి పెడితే మూడు నెలల తర్వాత కాగితం ఉంటుంది, కర్పూరం ఉండదు. అందుకే హోమియో మందుల చిన్న గాజు సీసా ఒకటి కడిగి, బాగా ఆరబెట్టి, అందులో పట్టినన్ని బిళ్లలు వేసి మూత బిగించండి. హోమియో మందుకు కర్పూరం వాసన కూడా తగలకూడదంటారు, ఆ సీసాలోనే కర్పూరం నింపడం నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. ఒక జాగ్రత్త: పూజ కర్పూరం తినేది కాదు, లడ్డూలో వేసే పచ్చకర్పూరం వేరు. పిల్లలు బిళ్ల చూసి చాక్లెట్ అనుకోకుండా సీసా మీద పేరు రాయండి.

తర్వాత వత్తులు. అర చెంచా వాసెలిన్ అరచేతిలో వేసుకుని, గుండ్రటి పువ్వొత్తి ఒకదాన్ని అందులో దొర్లించి వేళ్లతో నలపండి. పైపైన పూస్తే చాలదు, దూది లోపలికి దిగాలి. వాడేటప్పుడు వత్తిని కొంచెం విప్పి, లోపలి పొడి పోగులు బయటికి లాగి అంటించాలి. మా మేడ మీద సెల్‌ఫోన్‌లో టైమర్ పెట్టి చూస్తే వట్టి వత్తి నిమిషం కూడా నిలవలేదు, వాసెలిన్ వత్తి నాలుగు నిమిషాలు దాటి మండింది. అలాంటివి నాలుగు చేసి, టాబ్లెట్ల స్ట్రిప్పు రేకులోనో, అల్యూమినియం ఫాయిల్ ముక్కలోనో చుట్టండి.

అగ్గిపుల్లలు పది. కొవ్వొత్తి వెలిగించి, కరిగిన మైనంలో పుల్ల తలను ముంచి తీస్తే సరి. తలతోపాటు కింద అర అంగుళం కర్ర కూడా మునగాలి, లేకపోతే చెమ్మ కర్రలోంచి పైకెక్కుతుంది. మంట పక్కన పుల్ల తల పెడుతున్నారు కాబట్టి ముందు కొవ్వొత్తి ఆర్పి, ఆ గుంటలో మిగిలిన మైనంలోనే ముంచండి. మొదటిసారి నేను ఆర్పలేదు. పుల్ల భగ్గుమంది, వేలు కాలింది. గీసే ముందు గోటితో మైనం కొంచెం గీకాలి. అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీని కత్తిరించి విడిగా దాచుకోవాలి, అది తడిస్తే పుల్లలు ఎన్ని ఉన్నా వృథా. కొత్త చొక్కాలకు అదనపు గుండీ వేసి ఇస్తారే, ఆ బుల్లి జిప్ కవరు దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆ కవర్లు పారేయకండి, ఈ కిట్‌లో మూడు నాలుగు చోట్ల పనికొస్తాయి.

ఇక లైటర్. అడుగున చిన్న టార్చి లైటు ఉన్నది తీసుకోండి, కిరాణా కొట్లలో దొరుకుతుంది. నిప్పూ వెలుతురూ ఒకే వస్తువులో వస్తాయి. తడిస్తే ఊది, ఆరబెడితే మళ్లీ పనిచేస్తుంది. మరి పుల్లలెందుకంటే, గ్యాసు ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు.

ఎక్కడ వెలిగించాలి అన్నది ఎలా వెలిగించాలి అన్నదానికంటే ముఖ్యం. ఈ అడవిలో నిప్పు పెట్టడం నేరం. కారణం లేకుండా పెట్టిన చట్టం కాదది. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు పోయాల్సి వచ్చింది. వానాకాలంలో నిప్పుతో పనుంటుంది, కానీ అంటుకోదు. ఎండాకాలంలో పనుండదు, ముట్టుకుంటే అంటుకుంటుంది. కాబట్టి మాఘం దాటాక డబ్బాలో నిప్పు ఉన్నా లేనట్టే అనుకోండి. చలికి వణికి ప్రాణం మీదికొచ్చే రాత్రి మాత్రమే, అదీ వట్టి బండ మీదో, వాగు ఇసుకలోనో, చుట్టూ రెండు బారల మేర ఆకులు ఊడ్చి, పళ్లెమంత మంట. వదిలి వెళ్లేముందు నీళ్లు పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చూడాలి.

మూడో పని: గొడుగు బట్ట

డబ్బాలో పట్టనిది ఇదొక్కటే, కానీ నాకు ఎక్కువ నచ్చిందీ ఇదే. చాలామంది పెద్ద చెత్త కవరు పెట్టుకోమంటారు. అది పనిచేస్తుంది. అయితే తిరుమలలో 2022 నుంచి ప్లాస్టిక్ మీద నిషేధం గట్టిగా ఉంది, కొండ మీదుగా వెళ్లేవాళ్లకు అలిపిరి తనిఖీ దగ్గరే కవర్లు తీసేస్తారు. ఆ కవరు అడవిలో ముల్లు తగిలితే చిరుగుతుంది కూడా. ఊచలు విరిగిన గొడుగు మాత్రం ప్రతి ఇంటి అటక మీదా ఉంటుంది.

ఊచల వెంట బట్టను పట్టి ఉంచే కుట్లు ఉంటాయి. బ్లేడుతో ఒక్కొక్కటే తెంపుతూ పోండి. చివర్లలో, ఊచ కొన దూరే చోట చిన్న లోహపు టోపీలు బట్టకు కుట్టి ఉంటాయి. వాటిని తెంపకండి. ఎనిమిది ఊచల గొడుగైతే ఎనిమిది టోపీలు, అంటే తాడు కట్టడానికి ఎనిమిది చోట్లు ఊరికే దొరికినట్టు. నడినెత్తిన పిడి దూరే రంధ్రం చుట్టూ తల పట్టేంత వెడల్పు చేసి, అంచు మడిచి కుట్టించండి. వాన పడుతుంటే తల దూర్చి వేసుకోవచ్చు, భుజాలు, వీపు తడవవు. కూర్చుంటే మోకాళ్ల దాకా వస్తుంది. చాపలా పరిస్తే కింద నేల చెమ్మ ఎక్కదు. బట్ట మీద చెంబుడు నీళ్లు పోసి చూడండి, కిందికి కారుతుంటే కొవ్వొత్తిని బట్ట మీద గట్టిగా రుద్ది, వెచ్చటి చేతితో అద్దితే చాలావరకు ఆగుతుంది. మడిచి చుడితే పిడికెడు. దాన్ని రెండో జేబులో పెట్టుకుంటాను.

మా కొండల్లో చలేమిటి అనుకోవచ్చు. తలకోనలో ఆ రోజు చలి పెద్దగా లేదు. కానీ తడి బట్టలు, గాలి, కదలకుండా కూర్చోవడం, ఈ మూడూ కలిస్తే ఒళ్లు వేడి పట్టుకోలేదు. మా నలుగురిలో సన్నగా ఉన్నవాడికి గంటకే పళ్లు టకటకలాడాయి, మాట ముద్దగా వచ్చింది. తడి చొక్కా విప్పించి, రెండు పొడి తువ్వాళ్లు చుట్టి మధ్యలో కూర్చోబెట్టాం.

నాలుగో పని: చప్పుడు, మెరుపు

ఎవరైనా వెతుకుతూ వస్తే మనం ఉన్నట్టు తెలియాలి. అరుపు పది నిమిషాలకు గొంతు పట్టేస్తుంది, పీక ఊపిరి ఉన్నంతసేపు మోగుతుంది. లోపల గోలీ లేనిది చూసుకోండి, గోలీ ఉన్న విజిల్ తడిస్తే ఇరుక్కుంటుంది. మూడుసార్లు గట్టిగా ఊదడం, నిమిషం ఆగి వినడం, మళ్లీ మూడుసార్లు. మూడు అంటే ఆపద అని చాలా చోట్ల తెలిసిన లెక్క. ఆ ఆగి వినే నిమిషం మరిచిపోకండి, అటునుంచి కేక వేస్తే వినపడేది అప్పుడే. పీకను డబ్బాలో పెట్టొద్దు. దారం కట్టి మెడలో వేసుకోండి. లోయలో జారి పడ్డవాడికి జేబులో చెయ్యి పెట్టే వీలుండకపోవచ్చు.

అయిపోయిన పౌడరు డబ్బీలోని చిన్న అద్దం ఊడదీసి పెట్టుకోండి. పగలు ఎండలో దూరాన ఉన్న మనుషులకు మెరుపు చూపించాలంటే అద్దాన్ని కంటి పక్కన పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాచి రెండు వేళ్లు విప్పి, ఆ వేళ్ల మధ్యలో వాళ్లు కనిపించేలా చూడాలి. అద్దం వెలుగు వేళ్ల మీద పడేలా తిప్పితే అది వాళ్ల మీదికీ వెళ్తుంది. గుబురు చెట్ల కింద దీనితో పని లేదు, బండ మీదికి రావాలి. మేడ మీద నుంచి ఎదురింటి ట్యాంకు మీద వెలుగు వేసి చూస్తే ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎదురింటి వాళ్లకు ముందే చెప్పండి.

ఐదో పని: నీళ్లు

నీళ్ల బాటిల్ ఎలాగూ చేతిలో ఉంటుంది. డబ్బాలో పెట్టేది ఓఆర్ఎస్ ప్యాకెట్. మామూలు ప్యాకెట్ లీటరు నీళ్లకు లెక్క, గ్లాసుడు నీళ్లకు సరిపోయే చిన్నవీ ఉన్నాయి. డబ్బాలో చిన్నవి రెండు బాగా పడతాయి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో అన్నీ పోయాలి. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపి తాగితే మంచిది కాదు. ప్యాకెట్ దొరక్కపోతే ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు పొట్లం కట్టుకోండి. టీ చెంచాతో, తల కొట్టి కొలవాలి, లీటరు నీళ్లకు కలపాలి.

వాగు నీళ్లు అద్దంలా ఉన్నాయని తాగేస్తాం. పైన కోతులుంటాయి, స్నానాలు చేసే మనుషులుంటారు. పాత పంచె ముక్కను నాలుగు మడతలు వేసి వడకట్టి, డబ్బాలో బాగా తెర్లేదాకా కాచాలి. బుడగలు కదులుతుండగా ఒక నిమిషం ఉంచితే మన కొండల ఎత్తుకు సరిపోతుంది. ఒకసారికి టీ గ్లాసుడే వస్తుంది, ఓపిక కావాలి. నీళ్లు బురదగా ఉంటే వేరుశనగ గింజంత పటిక ముక్క తిప్పి వదిలితే మట్టి అడుక్కి చేరుతుంది. అది తేట పరుస్తుందే గానీ క్రిములను చంపదు, ఆ తర్వాతైనా కాచాల్సిందే. ఇంట్లో బిందెల లెక్కన వేసే క్లోరిన్ బిళ్లలు నేను పెట్టలేదు, బాటిల్‌కు సరిపడా ముక్క చెయ్యడం కుదిరే పని కాదు.

తిండి గురించి ఇంతే: ఒక రాత్రికి ఆకలితో ఎవరూ పోరు. చిత్తూరు బెల్లం ముక్క ఒకటి పెట్టాను, రెండో రోజుకే చీమలు డబ్బా పట్టాయి. ఇప్పుడు రెండు గ్లూకోజ్ చాక్లెట్లు పెడుతున్నాను. కోతుల ముందు డబ్బా తెరవకండి.

ఆరో పని: దబ్బనం, నాడా, పిన్నీసులు

కొండ దారిలో ఎక్కువమందికి వచ్చే ఆపద పులీ కాదు, పామూ కాదు, ఊడిన చెప్పు. దబ్బనం ఒకటి, దానికి పట్టే నైలాన్ దారం రెండు బారలు. దారాన్ని పెన్సిల్ ముక్కకు చుట్టి పెట్టండి, దాని మీద నల్ల ఇన్సులేషన్ టేపు ఒక మూర చుట్టండి. బూటు అడుగు ఊడితే ముందు వేలి దగ్గర, తర్వాత మడమ దగ్గర, రెండేసి కుట్లు చాలు. దబ్బనం రబ్బరులో దిగకపోతే చేత్తో నెట్టకండి, దాని వెనుక భాగాన్ని బండకు ఆనించి బూటునే అదమండి. ఆ తర్వాత పైనుంచి టేపు. దబ్బనం డబ్బా పొడవుకు సరిపోకపోతే చిన్నది వెతకండి. మొనకు రబ్బరు ముక్క గుచ్చండి, లేకపోతే తీసేటప్పుడు మొదటి గాయం దానివల్లే అవుతుంది.

తాడు కోసం లంగా నాడా. మంచి నూలు నాడా లాగినా అంత తేలిగ్గా తెగదు, ముడి జారదు. గొడుగు బట్ట నాలుగు మూలలు చెట్లకు కట్టడానికి రెండు నాడాలు తీసుకుని ముక్కలు చేశాను. చెయ్యి విరిగితే మెడకు వేలాడదీయడానికీ అదే. కానీ దాన్ని పట్టుకుని బండ దిగే సాహసం మాత్రం వద్దు.

పిన్నీసులు ఐదారు. మన ఆడవాళ్లు గాజులకో, తాళికో పిన్నీసులు తగిలించుకుని తిరగడం వెనుక ఉన్న తెలివి నాకు అడవిలో అర్థమైంది. ముల్లు తియ్యాలన్నా, చిరిగిన ప్యాంటు పట్టాలన్నా, కట్టు జారకుండా ఆపాలన్నా అదే. ముల్లు తీసే ముందు మొనను లైటర్ మంటలో పెట్టి చల్లార్చండి. కోయడానికి చిన్న చాకు ఉన్న గోళ్ల కట్టర్ చాలు.

ఏడో పని: మందులు, కాగితం, డబ్బు

బ్యాండెయిడ్లు నాలుగు, బెటాడిన్ చిన్న ట్యూబు, పారాసెటమాల్ రెండు. బీపీకో షుగరుకో రోజూ వేసుకునే మందులుంటే రెండు రోజులకు సరిపడా, పేరు కనిపించేలా స్ట్రిప్పుతో సహా కత్తిరించి పెట్టండి. పసుపు పొట్లం పెట్టమని మా అమ్మ అడిగింది. చిన్న గీతకు సరే, లోతు గాయంలో మాత్రం అద్దొద్దు, డాక్టర్ కడగడానికి ఇబ్బంది. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోవడమే మందు.

పాముకాటుకు ఈ డబ్బాలో ఏమీ లేదు, ఉండదు కూడా. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఏది కరిచినా కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. ఉంగరాలు, వాచీ, బిగుతు చెప్పులు తీసేసి, కాలికి కర్ర ఆనించి కదలకుండా నాడాతో వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. 108కి ఫోన్ కలిసే చోటికి ఒకరు పరుగెత్తాలి.

ఒక కాగితం మీద మీ పేరు, బ్లడ్ గ్రూపు, ఇంట్లో ఇద్దరి నంబర్లు పెన్సిల్‌తో రాయండి. పెన్ను తడిస్తే పాకుతుంది, పెన్సిల్ పాకదు. ఫోన్ ఆరిపోతే మనలో ఎంతమందికి భార్య నంబరు నోటికొస్తుంది? ఇంకో ఖాళీ కాగితం ముక్క, ఎటు వెళ్లారో రాసి వదలడానికి. రెండు వంద రూపాయల నోట్లు. తలకోన నుంచి బయటపడి భాకరాపేటలో టీ తాగుదామంటే నలుగురి దగ్గరా కలిపి ఒక్క రూపాయి లేదు, అందరి డబ్బూ ఆరిపోయిన ఫోన్లలోనే ఉంది.

దిక్సూచి పెట్టలేదు. సూదిని అయస్కాంతానికి రుద్ది ఆకు మీద తేలేస్తే ఉత్తరం చూపిస్తుంది, పిల్లలకు చూపించడానికి బాగుంటుంది. కానీ ఉత్తరం తెలిసినంత మాత్రాన దారి తెలియదు.

సర్దడం

ముందు అవసరమయ్యేది పైన ఉండాలి. అడుగున అద్దం వెనక్కి తిప్పి, దాని మీద పంచె గుడ్డ మడత. గుడ్డ లేకపోతే నడుస్తున్నంతసేపూ జేబులో గలగలమంటుంది. ఒక పక్కన కర్పూరం సీసా, దాని పక్కన దబ్బనం, పెన్సిల్. మధ్యలో మందులు, ఓఆర్ఎస్. చాక్లెట్లు కర్పూరానికి దూరంగా, లేకపోతే హారతి తిన్నట్టుంటుంది. పైన లైటర్, వత్తులు. మూత పెట్టి, ట్యూబు రింగులు తొడిగి, బకెట్లో ఐదు నిమిషాలు ముంచి తీయండి. లోపల చెమ్మ తగిలితే ఆ తగిలిన వస్తువుకు ఇంకో జిప్ కవరు వేయండి.

నేను ఇదంతా హాల్లో పరుచుకుని సర్దుతుంటే మా అమ్మ చూసి, "ఏందిరా, పూజ గదంతా జోబీలో పెట్టుకోని పోతా ఉండావే" అంది.

మేడ మీద పరీక్ష

చేసి బీరువాలో పెడితే సగం పనే. ఒక రాత్రి మేడ మీద లైట్లు ఆర్పేసి, చేతులు తడుపుకుని డబ్బా తెరవండి. పాత పెనం మీద పుల్లలు పేర్చి, ఒక్క వత్తితో వెలిగించండి. నాకు మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది. చీకట్లో మూత తలకిందులుగా తెరిచాను, సామానంతా మేడ మీద పడింది. అప్పటినుంచి మూత మీద ఒక గుండీ అతికించాను, వేలికి తగిలితే అది పైవైపని తెలుస్తుంది. ఆ తర్వాత ఎడమ చేత్తో మాత్రమే చేసి చూడండి. కుడి చెయ్యి బెణికిన రోజు కూడా డబ్బా తెరుచుకోవాలి కదా.

నిజంగా చిక్కుకుంటే

దారి తప్పామని అనుమానం రాగానే కూర్చోండి. నీళ్లు తాగండి. ఐదు నిమిషాలు ఎవరూ "ఇటే, నాకు తెలుసు" అనకూడదు. బయల్దేరేటప్పుడే ఎక్కడికి వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం అని ఇంట్లో చెప్పి ఉంటే, వెతికేవాళ్లు ఆ దారిలోనే వస్తారు. మీరు ఎంత తిరిగితే వాళ్లకు అంత దూరమవుతారు. ఫోన్‌లో ఛార్జింగ్ ఉంటే ఎత్తైన చోటికి వెళ్లి 112 ప్రయత్నించండి. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరేవాళ్ల టవర్ అందితే ఆ కాల్ వెళ్లొచ్చు. తర్వాత ఫోన్ ఆఫ్ చేసి, గంటకోసారి మాత్రమే తెరవండి.

ఈ కొండల్లో ఒక ప్రత్యేకమైన మోసం ఉంది. రాత్రి కొండ అంచున నిలబడితే కింద తిరుపతి దీపాలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి. "ఇదిగో ఊరు, దిగిపోదాం" అనిపిస్తుంది. ఊరి వైపు ఉన్నవి నిలువెత్తు ఎర్రటి బండ గోడలు. చీకట్లో దీపాల వైపు దిగకండి. తెల్లారేదాకా అంచుకు పది బారలు వెనక్కి జరిగి కూర్చోండి. వాగు పొంగితే మోకాలి పైకి నీళ్లున్నప్పుడు దాటొద్దు, వాన ఆగిన కొన్ని గంటలకు దానంతటదే తగ్గుతుంది. వాగు ఒడ్డున పడుకోవద్దు.

2023లో అలిపిరి నడకదారిలోనే చిరుత ఒక పాపను పొట్టనపెట్టుకుంది. కాబట్టి పిల్లలను మధ్యలో కూర్చోబెట్టుకోండి, ఒంటరిగా చెట్ల చాటుకు పోనివ్వకండి. చిరుత కనిపిస్తే పరుగెత్తకుండా, వంగకుండా, నిటారుగా నిలబడి చప్పుడు చేస్తూ నెమ్మదిగా వెనక్కి జరగండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవుల్లో మాత్రం లెక్క వేరు. అక్కడ ఏనుగులు ఎక్కువ, శేషాచలంలోనూ అప్పుడప్పుడు తిరుగుతాయి. అవి దగ్గర్లో ఉన్నట్టు తెలిస్తే పీక నోట్లో పెట్టకుండా, గాలి మీ వైపు నుంచి వాటి మీదికి వీచకుండా చూసుకుని మెల్లగా తప్పుకోవాలి.

ఇక డబ్బా సంరక్షణ. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, వానలు మొదలయ్యే ముందు ఒకసారి తెరిచి చూడండి. మందుల తేదీలు, లైటర్ గ్యాసు, టార్చి బ్యాటరీ, రబ్బరు పగుళ్లు. బయల్దేరే రోజు ఇంకోసారి, ఎందుకంటే ఇంట్లో అవసరాలు ఇంట్లోనే ఉంటాయి. మొన్న వినాయక చవితికి హారతి సమయానికి కర్పూరం అయిపోతే మా అమ్మ నా సీసాలోంచి మూడు బిళ్లలు తీసింది. పిన్నీసులు మా ఆవిడ ఎప్పుడు తీసిందో తెలియదు. కార్తీకంలో తలకోనకు బయల్దేరబోతూ మూత తీస్తే డబ్బాలో రెండు వంద నోట్లు కూడా లేవు, వాటి చోట "సాయంత్రం ఇస్తా" అని పిల్లాడు పెన్సిల్‌తో రాసిన చీటీ ఉంది.